మూడో చక్రం

మా నెల్లూరు జిల్లాలో ‘బండి’ అంటే రెండు చక్రాలదే. ‘బండి తీసుకుని రా’, ‘బండ్లో పెట్రోలుందా’, ‘బండి మీద పోదాం పా’ అంటే ఏ బండి అని ఎవరూ అడగరు. రెండు తరాల ముందు ఇదే మాటకి ఎద్దులు పూన్చిన బండి అని అర్థం. ఆ ఎద్దుల బండి మెల్లిగా తప్పుకుంది, దాని పేరు మాత్రం మోటారు సైకిలుకి వచ్చేసింది. మూడు చక్రాలు ఉంటే మాత్రం ఏ బండో విడిగా చెప్పాలి. ఆటో, ట్రాలీ, రిక్షా. ఇక కాళ్ళు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళు నడిపే స్కూటరయితే దానికి బ్రాండూ ఉండదు, మోడలూ ఉండదు. అది ఉత్త ‘మూడు చక్రాల బండి’. దాన్ని నడిపేవాడికి కూడా చాలాసార్లు అదే పేరు అయిపోతుంది. ‘ఆ మూడు చక్రాల బండాయన లేడూ, ఆయన షాపు పక్కన’ అంటారు.

నెల్లూరు నుంచి పెన్న దాటి, కోవూరు దగ్గర ఎడమకి ముంబై రోడ్డు పట్టుకుంటే బుచ్చిరెడ్డిపాలెం వస్తుంది. మాకు ఉత్త బుచ్చి. సంగం ఆనకట్ట నీళ్ళు కనిగిరి రిజర్వాయరుకి, అక్కడ్నించి కాలవలకి పోతాయి కాబట్టి చుట్టూరా వరి, ఊళ్ళో రైసు మిల్లులు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి పుట్టిన ఊరు. 2020లో నగర పంచాయతీ అయింది. ఈ ఊరి మెయిన్ రోడ్డు మీద ఒక అరగంట నిలబడితే గత నూట నలభయ్యేళ్ళ చక్రాల చరిత్ర అంతా మన ముందు నుంచే పోతుంది. బుల్లెట్లు, టీవీఎస్ ఎక్సెల్లు, మనుషుల్ని కుక్కుకున్న షేరాటోలు, పాత బైకు వెనక చక్రం పీకేసి ట్రాలీ తగిలించుకున్న కూరగాయల బళ్ళు, రెండు పక్కలా చిన్న చక్రాలున్న స్కూటర్లు. వీటిలో చివరిదాని చరిత్రని ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు కుతూహలం దాని మీదే. మనిషి రెండు చక్రాల నుంచి మూడు చక్రాలకి ఎందుకు మారతాడు? మారినప్పుడు ఏం పోతుంది, ఏం వస్తుంది?

*

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. రెండు చక్రాల మోటారు సైకిలు ముందు పుట్టిందనీ, చేతకానివాళ్ళ కోసం తర్వాతెప్పుడో మూడో చక్రం తగిలించారనీ అనుకుంటాం. చరిత్ర దాదాపు దీనికి తల్లకిందులుగా ఉంది.

1655లో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టెఫాన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు తన కోసం ఒక బండి చేసుకున్నాడు. అతనికి కాళ్ళు పనిచెయ్యవు. చేతులతో ఒక పిడి తిప్పితే పళ్ళచక్రాల ద్వారా ముందు చక్రం తిరుగుతుంది. మొత్తం మూడు చక్రాలు. మనిషి తన సొంత బలంతో నడుపుకునే బళ్ళలో మనకి తెలిసిన తొలి వాటిలో ఇదొకటి. కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల పరుగుబండి 1817లో గానీ రాలేదు, అంటే నూట అరవై రెండేళ్ళ తర్వాత. మన రైల్వే స్టేషన్ల ముందు, గుళ్ళ దగ్గర చేత్తో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల సైకిలు చూస్తాం కదా, అది ఫార్ఫ్లర్ బండికి నేరుగా మనవడు. సైకిలుకి చుట్టం మాత్రమే.

ఇంజను విషయానికొస్తే ఇంకా చిత్రం. కార్ల్ బెంజ్ 1885లో తయారుచేసి 1886 జనవరి 29న పేటెంటుకి పెట్టిన మోటారు బండికి మూడు చక్రాలు. ముందు రెండు చక్రాలని ఒకేసారి సరిగ్గా తిప్పే ఏర్పాటు అప్పటికి అతనికి కుదరలేదు, అందుకని ముందు ఒక్కటే పెట్టాడు. 1888లో అతని భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న పుట్టింటికి నడుపుకుంటూ పోయింది ఇలాంటి మూడు చక్రాల బండిలోనే. ప్రపంచంలో మొదటి దూర ప్రయాణపు కారు డ్రైవరు ఒక ఆడమనిషి, ఆమె నడిపింది మూడు చక్రాల బండి.

అదే 1885లో గోట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ కలిసి చెక్క చట్రంలో ఇంజను బిగించి ఒక బండి చేశారు. మొదటి పెట్రోలు మోటారు సైకిలు అని పుస్తకాలు చెప్పేది దీన్నే. ఆ బండి ఫోటో ఒకసారి జాగ్రత్తగా చూడండి. ముందొకటి, వెనకొకటి పెద్ద చక్రాలు. మధ్యలో, రెండు పక్కలా రెండు చిన్న చక్రాలు! బ్యాలెన్స్ కోసం పెట్టినవి. ఆ నవంబరులో డైమ్లర్ కొడుకు పౌల్ దాన్ని పక్కూరి దాకా నడిపాడు. కిందనున్న ఇంజను వేడికి దారిలో సీటు అంటుకుందట. అంటే మోటారు సైకిళ్ళన్నిటికీ ముత్తాత అయిన బండి, ఇవాళ బుచ్చి బజార్లో పక్క చక్రాలతో పోయే స్కూటరుకి దగ్గరగా ఉంటుంది తప్ప బుల్లెట్‌కి కాదు. పక్క చక్రాలు తీసేసినప్పుడు పుట్టిందే ఇప్పటి మోటారు సైకిలు.

గౌరవం లెక్క కూడా అప్పట్లో వేరు. 1870, 80ల ఇంగ్లాండులో ముందు చక్రం మనిషంత ఎత్తున్న సైకిళ్ళు ఉండేవి. కుర్రకారు వాటి మీద దూసుకుపోయి మూతులు పగలగొట్టుకునేవాళ్ళు. పెద్దమనుషులు, డాక్టర్లు, పొడుగు గౌన్ల ఆడవాళ్ళు మూడు చక్రాల సైకిళ్ళు కొనుక్కునేవాళ్ళు. విక్టోరియా రాణి 1881లో స్టార్లీ కంపెనీ మూడు చక్రాల సైకిళ్ళు తెప్పించుకుంది. మూడో చక్రం అప్పుడు హోదా. 1885లో రెండు చక్రాలూ ఒకే సైజున్న ‘సేఫ్టీ’ సైకిలు వచ్చాక, ధర కూడా తగ్గాక, కథ మారింది. అంటే మూడో చక్రంలో పుట్టుకతో వచ్చిన చిన్నతనం ఏమీ లేదు. దాన్ని తర్వాత మనం అంటగట్టాం.

*

ఇక్కడ కాస్త ఇంజనీరింగు చెప్పుకోవాలి. ఇది అర్థం కాకపోతే మనుషుల కథ అర్థం కాదు.

రెండు చక్రాల బండి నిలబడితే పడిపోతుంది, నడిస్తే నిలబడుతుంది. మలుపు తిరగాలంటే అది లోపలికి వాలాలి. వాలడానికి మనం ఏం చేస్తామో మనకే తెలీదు. ఎడమకి తిరగాలంటే ముందు హ్యాండిల్‌ని రవ్వంత కుడికి నెడతాం. బండి ఎడమకి వాలుతుంది, అప్పుడు ఎడమకి తిరుగుతుంది. రైట్ సోదరుల్లో పెద్దవాడు విల్బర్, సైకిళ్ళ వ్యాపారి కూడా కదా, ఈ సంగతి గమనించి తెలిసినవాళ్ళందర్నీ అడిగాడు: ‘మీరు ఎడమకి తిరిగేటప్పుడు ముందు ఏం చేస్తారు?’ ఒక్కరికీ తెలీలేదు. చేతులకి తెలుసు, బుర్రకి తెలీదు.

మూడు చక్రాల బండి వాలదు. ఎడమకి తిప్పితే ఎడమకే పోతుంది. ఇది సులువే కదా అనిపిస్తుంది. ఇరవయ్యేళ్ళు రెండు చక్రాలు నడిపిన మనిషికి కాదు. మలుపు రాగానే అతని ఒళ్ళు లోపలికి వాలుతుంది, చేయి అలవాటుగా అవతలి వైపు నెడుతుంది, బండి అవతలి వైపుకే పోతుంది. పైగా బండి మలుపుకి బయటి వైపు తోస్తుంది. వేగంగా తిరిగితే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. ముందొకటి వెనక రెండు చక్రాలున్న బండి మలుపులో బ్రేకు వేస్తే బయటి మూలకి తిరగబడే ప్రమాదం ఉంది. హోండా కంపెనీ 1970లో అమెరికాలో తెచ్చిన మూడు చక్రాల ఇసుక బండి కథ ఇలాగే ముగిసింది. ప్రమాదాలు పెరిగి, 1988లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కంపెనీలన్నీ కొత్త మూడు చక్రాల ఆటబళ్ళ అమ్మకం ఆపేశాయి. మూడు చక్రాలు ఎక్కువ ‘సేఫ్’ అని అందరూ అనుకుంటారు గానీ, ఆగి ఉన్నప్పుడే అది పూర్తిగా నిజం.

ఇవి కాక మన రోడ్ల సంగతి ఒకటుంది. రెండు చక్రాల బండికి రోడ్డు మీద ఒక్క గీత చాలు. గుంటకీ గుంటకీ మధ్య జానెడు జాగా దొరికితే దాటేస్తాం. మూడు చక్రాలకి మూడు గీతలు కావాలి. మధ్య చక్రం గుంట తప్పించుకుంటే పక్కది పడుతుంది. రోడ్డు అంచులకి వాలుగా ఉంటే బండి ఆ వాలుకే లాగుతుంది, హ్యాండిల్‌ని పట్టి ఉంచాలి. స్కూటరు చట్రానికి ఇనప కమ్మీ బిగించి అటొకటి ఇటొకటి చక్రాలు పెట్టే పద్ధతిలో అసలు వెనక చక్రం అలాగే ఉంటుంది. లెక్కపెడితే నాలుగు చక్రాలు, పేరుకే మూడు. పక్క చక్రాలు రెండూ మిట్ట మీదికెక్కి, మధ్య చక్రం గుంటలో వేలాడితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. మామూలు మనిషయితే దిగి తోసుకుంటాడు. ఈ బండి మీద కూర్చున్న మనిషి దిగి తొయ్యగలిగితే ఆ బండెందుకు? అందుకే తెలిసిన మెకానిక్కులు దీనికి రివర్సు గేరు కూడా పెడతారు. మనకి స్కూటరు వెనక్కి తీసుకోవడం అంటే రెండు కాళ్ళతో నాలుగు తోపులు. ఆ నాలుగు తోపుల కోసం ఒక గేర్‌బాక్సు కావాల్సి వస్తుందని ఎప్పుడైనా అనుకున్నామా?

*

మన దేశంలో మూడో చక్రం బతుకుతెరువుగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలేసిన హార్లీ డేవిడ్‌సన్ బైకులకి వెనక బెంచీలు కట్టి ఢిల్లీలో ‘ఫట్‌ఫటీలు’ నడిపారు. అవి 1990ల చివరి దాకా తిరిగాయి. గుజరాతులో ఎన్‌ఫీల్డ్ ముందు భాగానికి ట్రాలీ కలిపి ‘ఛకడా’ చేశారు. ఇటలీలో హెలికాప్టర్ల ఇంజనీరు కొరాడినో దస్కానియో 1946లో వెస్పా స్కూటరు తయారుచేస్తే, రెండేళ్ళలో దాని వెనక రెండు చక్రాలు పెట్టి సామాన్ల బండిగా ‘ఆపే’ అమ్మారు. వెస్పా అంటే కందిరీగ, ఆపే అంటే తేనెటీగ. ఒకటి షికార్లకి, ఒకటి పనికి. 1959లో బజాజ్ వాళ్ళకి స్కూటర్లూ, మూడు చక్రాల బళ్ళూ రెండూ తయారుచెయ్యడానికి ప్రభుత్వ లైసెన్సు వచ్చింది. మన ఆటో అంటే ఏమిటి? ముందు భాగం స్కూటరు, వెనక భాగం రిక్షా. హ్యాండిల్ ఇప్పటికీ స్కూటరుదే.

సినిమాలు ఈ అంతస్తుల్ని మనకి నూరిపోశాయి. హీరో రెండు చక్రాల మీద వస్తాడు. హీరో ఆటో నడుపుతున్నాడంటే పేదవాడైనా అవ్వాలి, దాక్కున్నవాడైనా అవ్వాలి. 1995 ‘బాషా’ మొత్తం ఆ రెండో సూత్రం మీదే నడుస్తుంది. 1975 ‘షోలే’లో స్నేహితులిద్దరూ తిరిగే సైడ్‌కారు బండికి మూడు చక్రాలే అయినా అది దర్జాగానే ఉంటుంది. ఎందుకంటే ఆ మూడోది ఎప్పుడైనా ఊడదీసేయొచ్చు. కాళ్ళు లేక, ఆ కారణంగా మూడు చక్రాల మీద పోయే మనిషి మన తెరమీద కథానాయకుడుగా నాకు తట్టడంలేదు. ‘ఊపిరి’ (2016)లో నాగార్జున పాత్ర చక్రాల కుర్చీలో ఉంటుంది, కానీ అతను కోటీశ్వరుడు, బండి నడపడానికి వేరే మనిషి ఉంటాడు.

సైడ్‌కారు ముచ్చట సినిమాకే పరిమితం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం మోటారు సైకిలుకి ఇచ్చిన నిర్వచనంలోనే అది ఉంది. విడదీయగలిగే సైడ్‌కారుకి అదనంగా ఒక చక్రం ఉన్నా అది మోటారు సైకిలే. కానీ వైకల్యం ఉన్న మనిషి బండికి ఆ చట్టం వేరే పేరు పెట్టింది: ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’. ఊడదీసే చక్రం సరదా, ఊడదీయలేని చక్రం రోగం.

ఈ పేరు మనది కాదు. 1930 బ్రిటిష్ రోడ్డు చట్టం నుంచి మన 1939 చట్టంలోకి, అక్కడ్నించి 1988 చట్టంలోకి దిగింది. నిర్వచనంలో ఒక మెలిక కూడా వెంట వచ్చింది. శారీరక వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ప్రత్యేకంగా రూపొందించి, తయారుచేసిన బండి అయ్యుండాలి, ఉన్న బండిని కేవలం మార్చుకున్నది కాకూడదు. బ్రిటన్‌కి ఆ మాట సరిపోయింది. బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజనీరు, పక్షవాతంతో ఉన్న తన బంధువు డెరీ ప్రెస్టన్-కాబ్ కుర్చీకి చిన్న మోటారు తగిలించి, తర్వాత ఇద్దరూ కలిసి ‘ఇన్వాకార్’ అనే మూడు చక్రాల బళ్ళ కంపెనీ పెట్టారు. అక్కడి ప్రభుత్వం వాటిని కొని వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చింది. ఆ డబ్బుతో, ఆ షెడ్డులో, గ్రీవ్స్ 1950లలో పోటీల్లో గెలిచే మోటారు సైకిళ్ళు తయారుచేశాడు. మూడు చక్రాల నుంచి రెండు చక్రాలకి వెళ్ళిన అరుదైన ప్రయాణం అది. ఇన్వాకార్లని మాత్రం భద్రత చాలదని 2003లో బ్రిటన్ రోడ్ల మీద నుంచి తీసేశారు.

మన దగ్గర అలాంటి ఫ్యాక్టరీ బళ్ళెక్కడివి? ఉన్నదంతా మార్చుకున్నదే. కొత్త స్కూటరు కొని, వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి చక్రాలు పెట్టించుకోవడమే. చట్టంలో ఏ మాటయితే కాదందో, ఊళ్ళలో సరిగ్గా అదే జరిగింది. రవాణా ఆఫీసులు ఆ మాటని చూసీ చూడనట్టు వదిలేసి రిజిస్ట్రేషన్లు చేశాయి కాబట్టి సరిపోయింది. లైసెన్సు మీద మాత్రం ‘ఇన్‌వాలిడ్’ అని అచ్చేశాయి. ప్రోగ్రాములు రాసుకునే నాలాంటివాళ్ళకి ఆ మాట రోజుకి పదిసార్లు తెర మీద కనిపిస్తుంది. ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అంటే చెల్లని సమాచారం, మళ్ళీ ఇవ్వు అని. ఇంగ్లీషులో రోగికీ, చెల్లనిదానికీ ఒకటే స్పెల్లింగు, ఉచ్చారణే వేరు. కార్డు మీద ఉచ్చారణ కనిపించదు. జేబులో చెల్లని బండి లైసెన్సు పెట్టుకుని తిరిగిన మనుషులు మన మధ్య వేలల్లో ఉన్నారు.

*

ఆ మనుషులు ఎవరు? రెండు రకాలవాళ్ళు. రోడ్డు మీద చూస్తే ఇద్దరూ ఒకలాగే కనిపిస్తారు.

మొదటివాళ్ళు పోలియో తరం. చుక్కల మందు 1960ల మొదటికే ప్రపంచంలో ఉంది. మన జాతీయ టీకా కార్యక్రమంలోకి 1979లో వచ్చింది, పల్స్ పోలియోగా దేశమంతా వెళ్ళింది 1995 నుంచి. చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. మందు ఉండి కూడా అందని ఆ ముప్పయ్యేళ్ళలో జ్వరమొచ్చి, కాలు సన్నబడి, చేతుల మీద దేకుతూ పెరిగిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకి మొదట చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు వచ్చింది. కాన్పూర్‌లో 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వాటిని తయారుచేసి పంచుతుంది.

మోటారు వాళ్ళకి ఎప్పుడు అందింది? ఇది మన పారిశ్రామిక చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మలుపు. 1972లో చేతక్ స్కూటరు వచ్చింది. గేరు చేతిలోనే, కానీ కిక్కు కాలితోనే, వెనక బ్రేకూ కాలితోనే. అదే ఏడు లూనా వచ్చింది. 1980లో హోసూరులో, ఆ తెలుగు కన్నడ తమిళ సరిహద్దు ఊళ్ళో, టీవీఎస్ 50 తయారైంది. మోపెడ్లకి గేర్లు లేవు, కానీ స్టార్టు చెయ్యాలంటే పెడలో కిక్కో కొట్టాలి. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేరు లేదు, బటన్ నొక్కితే స్టార్టు. కంపెనీ దాన్ని సుకుమారంగా ఉండే పట్నం కుటుంబాలకి అమ్ముదామనుకుని ఉంటుంది. కానీ కాలితో కిక్కు కొట్టకుండా స్టార్టయి, గేరు లేకుండా నడిచే బండి వచ్చిందని గుర్తుపట్టింది వీధి చివరి వెల్డింగు షాపుల వాళ్ళు. ఆ తర్వాత స్కూటీలు, 2000 నాటికి యాక్టివా. గేరు లేని స్కూటరు ఎంత మామూలయిపోతే, పక్క చక్రాల బండి అంత అందుబాటులోకి వచ్చింది.

వీళ్ళ దృష్టిలో మూడో చక్రం ఒక మెట్టు పైకెక్కడం. మా బంధువుల ఊళ్ళో ఒక టైలరన్న ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన చంకనేసుకుని బడికి తీసకపొయ్యేవాడట. తర్వాత చేతి సైకిలు. తర్వాత స్కూటరు. ‘చేతి సైకిలు తొక్కేటప్పుడు షాపుకి పోయేసరికి చేతులు వణికేయి అబ్బయా. కత్తెర పట్టుకుంటే గుడ్డ నేరుగా తెగేది కాదు. ఇప్పుడు రెండు చేతులూ కుట్టేదానికే’ అన్నాడు. మనం వేగం గురించి మాట్లాడుతుంటే ఆయన గుడ్డ నేరుగా తెగడం గురించి మాట్లాడాడు. మోటారు ఆయనకి ఇచ్చింది దూరం కంటే ముందు, అలిసిపోని చేతులు.

రెండోవాళ్ళు దిగొచ్చినవాళ్ళు. యాక్సిడెంటులో కాలు పోయినవాళ్ళు, షుగరు ముదిరి పాదం తీయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి ఒక పక్క బలహీనమైనవాళ్ళు. పోలియో పోయింది గానీ వీళ్ళు ఉన్నారు. వీళ్ళకి రెండు చక్రాలు తెలుసు. అదే కష్టం.

వరసకి నాకు పెదనాన్న అయ్యే ఒకాయన రాజ్‌దూత్ నుంచి హీరో హోండా దాకా పాతికేళ్ళు నడిపాడు. రాత్రిపూట లైటు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాక కుడికాలు మోకాలి కింద లేదు. ఇంట్లోవాళ్ళు పక్క చక్రాల స్కూటరు కొనిచ్చారు. మూడు నెలలు దాన్ని ముట్టలేదు. తర్వాత కూడా మొదట్లో తెల్లారకముందే పాల కేంద్రం దాకా పోయి, జనం లేచేసరికి ఇంటికొచ్చేసేవాడు. ‘పడతానని కాదురా భయం. నన్ను చూసి రోడ్డు మీద అందరూ పక్కకి తప్పుకుంటారు చూడు, అది నా వల్ల కాదు’ అన్నాడు ఒకసారి. ఆయనకి జనం దారి ఇవ్వడం అవమానం. టైలరన్నకి జనం దారి ఇవ్వడం సౌకర్యం. బండి ఒకటే, రోడ్డు ఒకటే.

పెదనాన్న మలుపుల్లో చాలా రోజులు తడబడ్డాడు. ఒళ్ళు వాలేది, బండి వాలేది కాదు. టైలరన్నకి ఆ బాధ లేదు, ఎందుకంటే వాలడం ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. నేర్చుకున్నదాన్ని మర్చిపోవడం ఎంత కష్టమో విల్బర్ రైట్ ప్రశ్నలో ఉంది. చేతులకి తెలిసినదాన్ని బుర్ర చెప్పి మాన్పించలేదు. పెదనాన్నకి ఆ అలవాటు పోవడానికి ఒక వానాకాలం పట్టింది. ఆ తర్వాత ఆయన పగలు కూడా బయటికి రావడం మొదలుపెట్టాడు. చేతులు మర్చిపోయాక మనసు కూడా కొంత మర్చిపోతుందేమో అనిపించింది నాకు.

ఇదే మార్పుని అమెరికాలో ఇంకోలా అమ్ముతారు. 2006లో పియాజియో ముందు రెండు వాలే చక్రాలున్న స్కూటరు తెచ్చింది. 2007లో కెనడావాళ్ళ కాన్-యామ్ స్పైడర్ వచ్చింది. 2009 మోడలుగా హార్లీ డేవిడ్‌సనే సొంతంగా మూడు చక్రాల ట్రై గ్లైడ్ తెచ్చింది. మోకాళ్ళ నొప్పులొచ్చిన పాత రైడర్లు వాటికి మారతారు, రెండు చక్రాల మోడలు కంటే ఎక్కువ డబ్బు పోసి. అక్కడా వెక్కిరింపులు లేకపోలేదు గానీ, కంపెనీ బ్రోచర్లో అది విజయంలాగే ఉంటుంది. ముసలితనాన్ని కూడా ఒక మోడలుగా అమ్మగలిగినవాళ్ళకి అది సిగ్గు కాదు.

*

పేర్లు మారుతున్నాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలని గుర్తించింది, 2016 చట్టం ఇరవై ఒకటిని. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ‘దివ్యాంగ్’ అనే మాట సూచించాక మన పత్రికల్లో వికలాంగులు దివ్యాంగులు అయ్యారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరు ‘విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ’. ఇన్ని అందమైన పేర్ల మధ్య నాకు నిజంగా పనికొచ్చిందనిపించింది మాత్రం ఒక పొడి మాట. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ తీసేసి ‘అడాప్టెడ్ వెహికల్’ అని పెట్టారు, అంటే మార్చుకున్న బండి. ప్రత్యేకంగా తయారుచేసినదైనా సరే, ఉన్నదాన్ని మార్చుకున్నదైనా సరే. వెల్డింగు షాపుల్లో దశాబ్దాలుగా జరుగుతున్నదాన్ని చట్టం ఎనభయ్యేళ్ళ తర్వాత ఒప్పుకుంది. అదే ఏడు జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని తీర్పిచ్చింది. సైలెన్సర్లు మార్చి మోతలు పెట్టేవాళ్ళ లోకంలో అది అవసరమే. కానీ సరదాకి మార్చుకోవడం వేరు, మార్చుకోకపోతే గడప దాటలేకపోవడం వేరు అని చట్టంలో స్పష్టంగా రాసి ఉండటం కూడా అంతే అవసరం.

ఇప్పుడు ప్రభుత్వాలే పక్క చక్రాల స్కూటర్లని ఉచితంగా ఇస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క నియోజకవర్గానికి 10, అంటే 175 నియోజకవర్గాలకి 1,750. మా బుచ్చి ఉన్న కోవూరు నియోజకవర్గంలో బుచ్చితో పాటు కోవూరు, విడవలూరు, కొడవలూరు, ఇందుకూరుపేట మండలాలు ఉన్నాయి. అయిదు మండలాలకి పది బళ్ళు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నవాళ్ళు, అందులో కదలికకి సంబంధించిన ఇబ్బంది ఉన్నవాళ్ళే 54 లక్షలు. పది బళ్ళంటే లాటరీ లాంటిదే. అర్హతల్లో 70 శాతం వైకల్యం, 18 నుంచి 45 ఏళ్ళ వయసు అని ఉంటుంది.

ఆ 45 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. చుక్కల మందు దేశ కార్యక్రమంలోకి వచ్చింది 1979లో. అంతకుముందు పుట్టినవాళ్ళు, అంటే ప్రభుత్వం మందు ఇవ్వనే ఇవ్వని కాలం పిల్లలు, ఇవాళ అందరూ 45 దాటేశారు. పోలియో కాలు ఉన్నవాళ్ళకి నడివయసులో బలం మళ్ళీ తగ్గుతుందని వైద్యం చెబుతుంది. ఇన్నాళ్ళూ కర్ర సాయంతో నడిచినవాడికి బండి అసలు అవసరమయ్యేది ఇప్పుడే. చిన్నప్పుడు మందు అందలేదు, పెద్దయ్యాక వయసు దాటిపోయింది. ఎవరూ కావాలని చేసి ఉండరు. వయసు పరిమితి పెట్టిన గుమాస్తాకి పోలియో చరిత్ర తెలియాల్సిన పని లేదు. కానీ చరిత్ర తెలియకుండా గీసిన గీత ఎవరి మీదుగా పోయిందో చూడండి.

మొన్న ఫోన్లో టైలరన్నని అడిగాను, దరఖాస్తు పెట్టావా అని. ఆయనకి యాభై ఒకటి. ఉన్న స్కూటరుకి పదకొండేళ్ళు. ‘మనకి రాదులే అబ్బయా’ అని, కుడి పక్క చక్రం బేరింగు పోయిందనీ, నెల్లూరులో తెలిసినాయన చేత మార్పించుకుంటాననీ చెప్పాడు. పండక్కి కుట్టాల్సిన జాకెట్లు చాలా ఉన్నాయి, రేపు పొద్దున్నే పోయి రావాలన్నాడు.